పైన మెట్ట, కింద మాగాణి: గోడకు వేలాడే సంచుల తోటతో నా అనుభవం

మా ఫ్లాటు బాల్కనీ పొడవే గానీ వెడల్పు లేదు. వాషింగ్ మెషీన్, బట్టలు ఆరేసే స్టాండు పోగా నేల మీద రెండు కుండీలు పెడితే ఇక నడవడానికి దారి ఉండదు. గోడ మాత్రం ఖాళీగా ఉంది. తూర్పు ముఖం కాబట్టి పొద్దున పదింటి దాకా దాని మీద చక్కటి ఎండ పడుతుంది. అత్తయ్యకు పూజకు రోజూ నాలుగు పూలు కావాలి, నాకు వంటలోకి కొత్తిమీర, పుదీనా కావాలి. అందుకే హైదరాబాద్‌లో చలి మొదలవుతున్న రోజుల్లో గోడకు వేలాడదీసే గుడ్డ సంచి ఒకటి కొన్నాను. మందపాటి ఫెల్టు మీద వరుసకు మూడేసి జేబులు, అలా నాలుగు వరుసలు కుట్టి ఉండే రకం. ఏడాదిగా దాన్ని సాకుతుంటే నాకు బాగా తెలిసొచ్చింది ఇదీ: గోడ ఒకటే అయినా పై వరుసది మెట్ట వ్యవసాయం, కింది వరుసది మాగాణి. అది గ్రహించి మొక్కలు వేసుకుంటే ఈ సంచులు ఎంతో ఇస్తాయి.

ముందు బరువు సంగతి. ఒక్కో జేబులో మొక్క నాటే మిశ్రమం సుమారు 2 లీటర్లు పడుతుంది. పన్నెండు జేబులకు 24 లీటర్లు. కొబ్బరి పొట్టు ఎక్కువగా ఉన్న మిశ్రమమైతే తడిశాక 20 కిలోలు దాటుతుంది. అదే ఎర్రమట్టి నింపితే 40 కిలోల దాకా పోతుంది. ఆ బరువంతా పైనున్న రింగుల మీద, కుట్ల మీద పడుతుంది. మేకులు కొట్టి తగిలించే వ్యవహారం కాదిది. డ్రిల్లింగ్‌కి వచ్చినతను గోడను తట్టి చూసి, "ఇది తేలిక ఇటుక మేడమ్, ఇందులో బోల్టు గట్టిగా పట్టదు. పైన బీమ్‌కి కొడదాం" అన్నాడు. బీమ్‌కి యాంకర్ బోల్టులు బిగించి, వాటికి ఒక జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనుప గొట్టం) కట్టి, సంచిని ఆ పైపుకి వేలాడదీశాం. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు ఓనర్‌ని అడిగాకే డ్రిల్ చేయించండి. గ్రిల్‌కి కట్టేవాళ్లు మాత్రం దయచేసి లోపలి వైపే కట్టండి. కింద పిల్లలు ఆడుకుంటుంటారు.

గోడకు చెమ్మ పట్టకుండా సంచి వెనక మందపాటి ప్లాస్టిక్ షీటు వేశాం. షీటుకీ గోడకీ మధ్య గాలి ఆడేలా పీవీసీ పైపు ముక్కలు అడ్డం పెట్టాం. సంచి అడుగున, నిలువునా చీల్చిన పైపును దోనెలా కట్టి, దాని చివర బకెట్ పెట్టాం. మా కింది ఫ్లాటు వాళ్లు బాల్కనీలోనే బట్టలు ఆరేస్తారు, వాళ్ల బట్టల మీద మన ఎరువు నీళ్లు కారితే ఎవరికి మాత్రం బాగుంటుంది? బకెట్లో పడ్డ నీళ్లు మళ్లీ మొక్కలకే పోస్తాను.

మిశ్రమంలో సగం కోకోపీట్ (కొబ్బరి పొట్టు), మూడో వంతు దాకా వర్మీ కంపోస్ట్, మిగతాది పెర్లైట్ (తేలికపాటి తెల్లటి గుల్ల గింజలు), జేబుకో చారెడు వేపపిండి. గట్టిగా నొక్కి అచ్చు వేసిన కోకోపీట్ ఇటుకను నానబెట్టాక ఒకటికి రెండుసార్లు మంచినీళ్లలో కడిగి పిండాలి, ఎందుకంటే అందులో ఉప్పు ఉంటుంది. 650 గ్రాముల ఇటుక నానితే 7–8 లీటర్లు అవుతుంది కాబట్టి ఒక సంచికి రెండు సరిపోతాయి.

ఇక నీళ్లు. ఈ తోటలో అసలు పని ఇదే. ఫెల్టు నాలుగు వైపులా గాలి పీల్చుకుంటుంది. దాని వల్ల వేళ్లకు మేలే. ప్లాస్టిక్ కుండీలో వేరు గోడకు తగిలి చుట్టూ తిరుగుతూ పోతుంది. గుడ్డలో అయితే అంచు దాకా వచ్చి, గాలి తగిలి, కొస ఎండిపోయి, వెనక నుంచి కొత్త పిల్లవేళ్లు వేస్తుంది. కానీ అదే గాలికి తడి కూడా త్వరగా ఆరిపోతుంది. పైగా తడి వెనక గుడ్డ వెంట కిందికి దిగుతూనే ఉంటుంది. అన్ని జేబులకూ సమానంగా పోసినా సాయంత్రానికి పై వరుస పొడిపొడిగా ఉంటుంది, అడుగు వరుస మాత్రం వేలు పెడితే చల్లగా తగులుతుంది.

ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త పాట్రిక్ బ్లాంక్ పారిస్‌లో కే బ్రాన్లీ మ్యూజియం గోడ మీద పెంచిన తోట గురించి చదివినప్పుడు ఇది ఇంకా బాగా అర్థమైంది. అక్కడ మట్టే లేదు. లోహపు చట్రం, దాని మీద పీవీసీ పలక, ఆ పైన ఫెల్టు. పైనుంచి వదిలిన ఎరువు నీళ్లను ఫెల్టే పీల్చుకుని వేళ్లకు అందిస్తుంది. మన సంచిలోనూ పనిచేసేది ఆ గుణమే. అందుకే నేను నీళ్లు మొక్క మొదట్లో కాకుండా జేబు వెనక, గుడ్డకు ఆనించి పోస్తాను. పై వరుసకు ఎక్కువ, రెండో వరుసకు మామూలుగా, మూడో వరుసకు కొంచెం పోస్తాను. అడుగు వరుసకు వేలు పెట్టి చూశాకే. ఒకసారి సన్నగా పోసి, పది నిమిషాలాగి మళ్లీ పోస్తాను. బాగా ఎండిన కోకోపీట్ మొదట నీటిని పట్టుకోదు, పోసిందంతా పక్కల నుంచి జారిపోతుంది. రెండోసారికి పీల్చుకుంటుంది.

పై వరుసలో గడ్డిగులాబీలు, గంగవాయిలి కూర వేశాను. రెండూ ఒకే కుటుంబం. ఆకులోనే నీళ్లు దాచుకుంటాయి కాబట్టి ఒక పూట ఆలస్యమైనా తట్టుకుంటాయి. గడ్డిగులాబీ పువ్వు ఎండ పడితేనే విచ్చుకుంటుంది, మా గోడకు పొద్దుటి ఎండే కాబట్టి పూజ వేళకు సరిగ్గా సరిపోతుంది. రెండో వరుసలో బిళ్ళగన్నేరు, మరువం. మరువానికి తడి నిలవ ఉంటే గిట్టదు, చిగుళ్లు తుంచుతూ ఉంటే గుబురుగా వస్తుంది. మల్లెల కాలంలో మాలలోకి మన గోడ మీది మరువం రెండు రెమ్మలు వేసి కడితే ఇల్లంతా వాసన. బజారులో మరువం కొనడం మానేశాం. ఈ సంచి నాకు ఇచ్చిన వాటిలో నాకు అన్నింటికన్నా ఇష్టమైనది అదే.

మూడో వరుస చలికాలమంతా కొత్తిమీరది, మెంతికూరది. ధనియాలు పొట్లం విప్పి చల్లబోతుంటే అత్తయ్య ఆపి, "నలపకుండా చల్లితే ఎట్లా మొలుస్తాయమ్మా?" అని, గుడ్డలో వేసి చపాతీ కర్రతో మెల్లగా రుద్ది ఇచ్చారు. ఒక్కో ధనియం రెండు బద్దలవుతుంది, ఒక్కో బద్ద ఒక్కో మొక్క. రాత్రంతా నానబెట్టి చల్లితే వారం పది రోజుల్లో మొలక కనిపిస్తుంది, నలభై రోజులకు కోతకు వస్తుంది. మెంతి ఇంకా తొందర. కొత్తిమీరను పీకకుండా కత్తెరతో కోస్తే మళ్లీ ఒక కోత ఇస్తుంది. మార్చి వచ్చాక మాత్రం ఎంత బతిమాలినా పూతకు వెళ్లిపోతుంది, ఎండకు దాని స్వభావమే అంత. అప్పుడు ఆ జేబుల్లో వామాకు కొమ్మలు గుచ్చాను. మండు వేసవిలో కూడా బజ్జీలకు లోటు లేదు.

అడుగు వరుస పుదీనాది. కూరగాయల బండి దగ్గర కొన్న కట్టలోంచి గట్టి కాడలు ఏరి, కింది ఆకులు తీసేసి గ్లాసు నీళ్లలో పెడితే వారంలో వేళ్లు వస్తాయి. పైనుంచి దిగే తడి, ఎరువు సారం అంతా దానికే. అక్కడ అది రాజ్యమేలుతుంది, తీగలు పక్క జేబులోకి పాకుతాయి. అందుకే ఆ వరుసలో ఇంకేమీ వేయలేదు.

చలికాలపు పూలమొక్కలు పిటూనియాలు కూడా పెట్టాను. వాటిని నేరుగా జేబులో నాటకుండా, చిల్లులున్న చిన్న ప్లాస్టిక్ కుండీతో సహా దించాను. వేళ్లు ఫెల్టులోకి చొచ్చుకుపోతే సీజన్ అయ్యాక పీకేటప్పుడు గుడ్డ చిరుగుతుంది. కుండీతో ఉంటే ఎత్తేసి ఇంకోటి దించుకోవచ్చు.

వేసవిలో రెండు పూటలా నీళ్లు తప్పవు. ఊరెళ్లాల్సి వస్తే టెన్షనే, అందుకే పై పైపు వెంట సన్నటి డ్రిప్ గొట్టం, టైమర్ పెట్టించాం. బోరు నీళ్లు కాబట్టి గుడ్డ మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. పొడి బ్రష్‌తో దులిపి, అప్పుడప్పుడు మంచినీళ్లు ధారాళంగా పోసి కడిగేస్తాను. తరచూ నీళ్లు పోయడంతో సారం కూడా కొట్టుకుపోతుంది కాబట్టి రెండు వారాలకోసారి జేబుకు గుప్పెడు వర్మీ కంపోస్ట్. పిండినల్లి కనిపిస్తే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొడతాను. వానల్లో బిళ్ళగన్నేరు మొదలు కుళ్లకుండా దానికి నీళ్లు బాగా తగ్గించాలి.

వానలు తగ్గాక సంచి దించి కుట్లన్నీ పరీక్షగా చూశాను. ఎండకు పై అంచు కాస్త బలహీనపడింది, టైలర్ దగ్గర నవారు పట్టీ వేయించాను. పాత మిశ్రమంలో సగం తీసేసి, కొత్త కంపోస్ట్, వేపపిండి కలిపి మళ్లీ నింపాను. ఈసారి రెండో వరుసలో ఒక జేబు దవనానికి వదిలాను. దాని గింజ చాలా సన్నం, అందుకని నర్సరీలో నారు చెప్పి ఉంచాను.