పెద్దబాపు రీళ్లు, సిర్కా వాసన

పెద్దబాపు పోయిన మూడో నెలలో ఆయన మిలిటరీ ట్రంకు పెట్టె తెరిచాం. గుప్పున పులిసిన వాసన. "తొక్కు జాడీ గిట్ల పెట్టిండా ఇందుల?" అంది పెద్దమ్మ. తొక్కు కాదు, బిస్కెట్ డబ్బా నిండా నెగెటివ్‌లు. అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్మ్ పాతబడి చెడిపోతుంటే ఎసిటిక్ ఆమ్లం వదులుతుందట, అందుకే సిర్కా (వెనిగర్) వాసన. వేడి, తేమ తగిలితే ఇంకా త్వరగా పోతుంది. మా వరంగల్ ఎండల్లో, రేకుల కింద ఇన్నేళ్లు ఉన్నాయంటే వాటిది గట్టి ప్రాణమే.

1971 యుద్ధంలో ఆయన ఉన్నాడని తెలుసు. అడిగితే మాత్రం "యుద్ధమంటే ఉడకని పప్పు బిడ్డా" అనేవాడు. ఇంట్లో ఏ శుభకార్యమైనా ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా పట్టుకుని, "నవ్వకుంటే రీలు కాలిపోతది" అని పిల్లల్ని బెదిరించేవాడు. ఎక్కడ పనిచేశాడో కూడా మాకు పెట్టెలోని పతకమే చెప్పింది. పూర్వీ స్టార్, అంటే తూర్పు వైపు. పడమర వైపు పోరాడినవాళ్లకు పశ్చిమీ స్టార్ ఇచ్చారు.

హనుమకొండలో ఒక స్టూడియోకు ఒక స్ట్రిప్పు ఇచ్చి చూశాను. వాళ్ల మెషిన్ 35 ఎంఎం సన్న ఫిల్మ్‌కే. ఇవి '120' అనే వెడల్పు రకం రీళ్లు, ఒక్కో బొమ్మ ఆరు సెంటీమీటర్ల చదరం. పట్టడం లేదని అంచు కత్తిరించి పెట్టారు! ఆ రోజు బండి మీద ఇంటికి ఎలా వచ్చానో నాకే తెలియదు.

ఇక నేనే మొదలుపెట్టాను. ఆఫీసుల్లో ఉండే మామూలు స్కానర్ పనికిరాదు, మూతలో కూడా లైటు ఉన్నది కావాలి. కాజీపేటలో ఉండే దోస్తు దగ్గర దొరికింది. నూలు గ్లౌజులు, మెత్తటి బ్రష్షు, అంతే. 2400 డీపీఐలో, అంటే అంగుళానికి 2400 చుక్కల చొప్పున పెడితే ఒక్కో వైపు ఐదు వేల పిక్సెళ్లకు పైగా వస్తాయి, అంతకు మించి అవసరం లేదనిపించింది.

మొదటి రోజు స్కాన్ చేసినవాటిలో జవాన్లంతా ఎడమ చేత్తో సెల్యూట్ కొడుతున్నారు. పెద్దబాపు చేయించిన కోతి పని అనుకుని నవ్వుకున్నాను. తీరా చూస్తే ఫిల్మ్‌ను నేనే తిప్పి పెట్టాను. అంచు మీది అక్షరాలు సరిగ్గా చదవగలిగితేనే వైపు సరైనదని అప్పుడు తెలిసింది. మళ్లీ ఇరవై నాలుగు బొమ్మలు మొదటి నుంచి.

యుద్ధం కోసం వెతికితే దొరికింది గడ్డం నురగతో మీసాలు పెట్టుకున్న జవాను, వాలీబాల్, బురదలో దిగబడ్డ జీపు, దాని మీద కూర్చుని బీడీ కాలుస్తున్న ఇద్దరు. పెద్దబాపు ఒక్కదాంట్లోనూ లేడు. అప్పటి కెమెరాలతో ఎండను వెనక పెట్టుకుని తీయాలి కదా, సాయంత్రం తీసినవాటిలో మాత్రం ఆయన నీడ పొడుగ్గా వచ్చి పడింది. ఒకదాంట్లో ఖాళీగా ఉన్న చేత్తో, ఎదురుగా నిలబడ్డ ఆఫీసరు తల మీదికి సరిగ్గా రెండు కొమ్ములు పెట్టాడు.

పెద్దమ్మ ఆ నీడను చాలాసేపు చూసింది. "గా చెయ్యి ఆయనదే" అంది.

ఒక రీలు మాత్రం చుట్టుకుని అతుక్కుపోయింది. లాగితే పై పొర ఊడి వస్తుందని వదిలేశాను. సిలికా జెల్ పొట్లాలతో స్టీలు డబ్బాలో పెట్టి మూత పెడుతుంటే పెద్దమ్మ అంది, "ఉండనీయ్ దాన్ని. అండ్ల ఏం తిక్క పని చేసి పెట్టిండో."