గొంతెమ్మ గుహ దాకా

భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గరి పాండవుల గుట్టల్లో ఒక గుహను గొంతెమ్మ గుహ అంటారు. గొంతెమ్మ అంటే కుంతి. తీరని కోరికను గొంతెమ్మ కోరిక అంటామే, ఆ గొంతెమ్మే. నిరుడు ఆఫీసువాళ్లతో కలిసి వెళ్లినప్పుడు ఆ గుహ నాకు నిజంగానే గొంతెమ్మ కోరిక అయిపోయింది. సగం దారిలోనే ఆయాసం ముంచుకొచ్చి ఒక బండ మీద కూర్చుండిపోయాను. మిగతావాళ్లు దిగివచ్చేదాకా పైనుంచి వాళ్ల మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. అప్పటికి నాకు 44 ఏళ్లు. నా శరీరం నా చేయి దాటిపోయిందని ఆ బండ మీదే మొదటిసారి భయపడ్డాను.

ఆ తర్వాతి నెలలో రక్తపరీక్ష చేయించుకుంటే మూడు నెలల షుగర్ సగటు (HbA1c) 6.1 శాతం వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ జబ్బుకు ముందు దశ అని డాక్టరు చెప్పారు. మందుల అవసరం ఇంకా రాలేదు, రోజూ నడవమన్నారు. పది రోజులు కాలనీలో తిరిగి మానేశాను. అదే వీధి, అదే మలుపు. పదకొండో రోజు చెప్పులు తొడుక్కోబుద్ధి కాలేదు.

నన్ను లేపింది మా వదిన. ఆవిడకు 52 ఏళ్లు, మోకాళ్లు అప్పుడప్పుడు పట్టేస్తాయి. "ఎక్కడికి వెళ్లాలో తెలియకుండా నడిస్తే కాలు ఎందుకు కదులుతుంది? వచ్చే మాఘంలో ఆ గుట్టకే మళ్లీ వెళ్దాం. నేనూ వస్తాను" అంది. ఆ సాయంత్రమే క్యాలెండరులో ఒక ఆదివారం చుట్టూ ఎర్ర గీత గీశాం. నా వరకు అసలు మందు ఆ గీతే.

హన్మకొండలో పద్మాక్షి గుట్ట మా ఇంటికి దగ్గర. వారానికి నాలుగు రోజులు తెల్లవారకముందే ఆ మెట్లు ఎక్కడం మొదలుపెట్టాం. మిగతా రోజుల్లో భద్రకాళి చెరువు కట్ట మీద నడక. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మేము నిమిషాలు లెక్కపెట్టలేదు, పాటతో కొలుచుకున్నాం. వదిన బతుకమ్మ పాట ఎత్తుకునేది. పాట ఆగకుండా సాగితే నడక మెల్లగా ఉన్నట్టు, మాట కూడా పెగలకపోతే అతిగా తొందరపడుతున్నట్టు. పాట రాక, మాట మాత్రం వస్తుంటే సరైన వేగం. మొదట్లో నాకు పల్లవి దగ్గరే ఊపిరి అయిపోయేది. దసరా నాటికి పైకి చేరాక కూడా మాట్లాడగలిగాను. కొండరాతి మీద చెక్కిన జైన శిల్పాలను అంతకుముందు ఎన్నిసార్లు చూసినా, ఆగి చూసింది మాత్రం ఆ రోజుల్లోనే.

ఎర్ర గీత గీసిన ఆదివారం రానే వచ్చింది. వదిన, ఇంజనీరింగ్ చదువుతున్న ఆవిడ కొడుకు, నేను పొద్దున్నే బస్సెక్కాం. పరకాల దాటి రేగొండలో దిగి, అక్కడినుంచి ఆటోలో వెళ్లాం. దారి పొడవునా మోదుగలు పూశాయి. ఆకంతా రాలిన కొమ్మల మీద ఆ కాషాయపు ఎరుపు చూస్తూ ఎవరమూ మాట్లాడలేదు.

గుట్టల దగ్గర దారి చూపడానికి పక్క ఊరి మనిషి ఒకాయన వచ్చాడు. ఎక్కడం మొదలుపెట్టగానే చేతికి తేడా తెలిసింది. మన వరంగల్ బండలు గ్రానైటు. గుండ్రంగా ఉంటాయి, అరచేతిలో ముతకగా గుచ్చుకుంటాయి. ఇది ఇసుకరాయి. పొరల మీద పొరలుగా, పుస్తకాలు పేర్చినట్టు ఉంటుంది. ప్రతి పొర అంచు వేలికి పట్టు ఇస్తుంది, కాలికి మెట్టవుతుంది. రాళ్లెక్కడం నేర్చుకునేవాళ్లు తాళ్లు పట్టుకుని ఇక్కడికి ఎందుకు వస్తారో ముట్టుకుంటేనే అర్థమైంది. వేలితో రుద్దితే సన్నని ఇసుక అంటుకుంది. "వాన పడిన మర్నాడు దీన్ని నమ్మకూడదమ్మా, తడిస్తే బలం తగ్గుతుంది, పట్టుకున్న అంచే ఊడివస్తుంది" అన్నాడాయన.

ఒకచోట రెండు బండల మధ్య మనిషి పక్కకు తిరిగితేనే పట్టేంత సందు. లోపల చల్లగా ఉంది. వీపు ఒక బండకు, అరచేతులు రెండో బండకు ఆనించి అంగుళం అంగుళంగా జరిగాను. నిరుడు కూర్చుండిపోయిన బండ ఆ సందుకు కాస్త ఇవతలే ఉంది. దాన్ని గుర్తుపట్టాను. ఆగలేదు.

"అత్తా, పైకి చూడు" అన్నాడు వదిన కొడుకు. తలెత్తితే బండ కడుపున ఎర్రని బొమ్మలు. ఈ గుట్టల్లోని రాతి చిత్రాలు 1990లో బయటి ప్రపంచానికి తెలిశాయి. అడవిదున్న, పులి, జింక వంటి జంతువులు, కొన్ని గుర్తులు. నేను చూసిన ఒక బొమ్మకు వీపు గీత మాత్రం ఇంకా స్పష్టంగా ఉంది, కాళ్లు రాతిలో కలిసిపోయాయి. ముట్టుకోకుండా ముఖం దగ్గరగా పెట్టి చూశాను. ఆ గీత గీసిన మనిషి కూడా ఈ పొరల అంచులు పట్టుకునే ఇక్కడికి ఎక్కి ఉండాలి. ఊపిరి తీసుకోవడానికి నాలాగే ఆగి ఉంటాడనిపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ బొమ్మల పక్కనే పేర్లు గీకి వెళ్లేవాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి.

గొంతెమ్మ గుహ చేరేసరికి ఎండ ఎక్కింది. వదిన లోపల చల్లని నేల మీద కూర్చుని, మోకాళ్ల మీద రెండు చేతులూ వేసుకుని, చాలాసేపటి తర్వాత "కోరిక తీరింది" అంది.

దిగడమే కష్టమైంది. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు మోయాలి, అందుకే నొప్పంతా తర్వాత రెండు మూడు రోజులకు వస్తుంది. నిటారు చోట్ల పక్కకు తిరిగి, చిన్న చిన్న అడుగులు వేస్తూ, వదిన చేయి పట్టుకుని దిగాను. కింద చింతచెట్టు నీడలో సర్వపిండి, మజ్జిగ. దారి చూపినాయనకు కూడా ఒక ముక్క ఇస్తే, "పల్లీలు బాగా వేశారమ్మా" అన్నాడు.

మంగళవారం తెల్లవారుజామున తొడలు రాళ్లలా బిగుసుకుపోయాయి. అయినా మెల్లగా పద్మాక్షి గుట్టకు వెళ్లాను. మొదటి మెట్టు మీద వదిన అప్పటికే కూర్చుని ఉంది. "కవ్వాల్ అడవిలో తిరగనిస్తారా? కనుక్కున్నావా?" అని అడిగింది.