కల్తీ కాదమ్మా, కలపడం

“కల్తీ చేసేదానికా నువ్వు అంత దూరం పొయ్యింది?”

వీడియో కాల్‌లో మా అమ్మ అడిగిన మాట ఇది. ఆ రోజు నేను చెప్పిందల్లా ఒకటే, ఈ ఏడాది నన్ను వైన్ ఫ్యాక్టరీలో సెల్లార్ పని నుంచి ల్యాబ్‌కు మార్చారు, రెండు మూడు రకాల ద్రాక్షల నుంచి తీసిన వైన్లను ఏ లెక్కలో కలిపితే బాగుంటుందో చూసే పని అని. కలపడం అన్న మాట వినగానే అమ్మకు పాలల్లో నీళ్లు, కారంలో రంపపు పొట్టు గుర్తొచ్చాయి. పైగా మన ఊళ్లో ‘వైన్స్’ అని బోర్డు పెట్టిన షాపుల్లో దొరికేది బ్రాందీ, విస్కీ, బీరు. అమ్మకు ఆ మాట వింటే ఆ షాపు ముందు సాయంత్రం పూట నిలబడే మనుషులే కళ్లముందు కనబడతారు. అందుకే ఆమె భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. రోజుకు నలభై శాంపిళ్లు నోట్లో పోసుకున్నా ఒక్కటీ మింగం, ఉమ్మేయడానికి పక్కనే బకెట్ ఉంటుంది, తాగినవాళ్లు ఈ పని చేయలేరు అని చెప్పాను. నమ్మిందో లేదో తెలియలేదు.

పక్కన కూర్చున్న నాయన మాత్రం, “బ్రిక్స్ ఎంత వస్తాది పాపా అక్కడ?” అన్నాడు.

మా నాయన ఇరవై ఆరేళ్లు చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసే పని చేశాడు. చిన్నప్పుడు జూన్ నెలంతా ఆయన చొక్కాకు తోతాపురి వాసన ఉండేది. జేబులో రిఫ్రాక్టోమీటర్ పెట్టుకుని ఇంటికొచ్చేవాడు, గాజు మీద ఒక చుక్క వేసి వెలుతురుకు పట్టి చూస్తే లోపల గీత ఎక్కడ ఆగిందో అదే బ్రిక్స్, అంటే అందులో తీపి ఎంతో చెప్పే లెక్క. తోతాపురి గుజ్జుకు 14 తగ్గకూడదు, ఆల్ఫోన్సోకు 16. నాకు ఏడేళ్లప్పుడే ఈ రెండు అంకెలు వచ్చు. తర్వాత తిరుపతిలో చదువుకున్న రోజుల్లో కూడా సెలవులకు ఇంటికొస్తే మా మాటలు తిరిగి తిరిగి అక్కడికే వచ్చేవి.

నేను పనిచేసేది దక్షిణ ఆస్ట్రేలియాలో, అడిలైడ్ నుంచి గంట ప్రయాణం దూరంలో ఉండే బరోసా అనే లోయలో. 1840ల్లో సైలీషియా నుంచి వచ్చిన జర్మన్ కుటుంబాలు అక్కడ ద్రాక్ష నాటాయి. యూరప్‌లో తోటలకు తోటల్నే తినేసిన ఫిలాక్సెరా పురుగు దక్షిణ ఆస్ట్రేలియాకు ఇప్పటికీ చేరలేదు, అందుకే 1843లో నాటిన షిరాజ్ అనే నల్ల ద్రాక్ష తీగలు కొన్ని అక్కడ ఇంకా కాస్తున్నాయి. మానులాగా ముదిరిపోయిన ఆ మొదళ్ల పక్కన నిలబడితే మా మామ తోటలో తాత నాటిన మామిడి చెట్లు గుర్తొస్తాయి నాకు. అక్కడ ద్రాక్ష కోత ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. ఆ మూడు నెలలూ పన్నెండు గంటల షిఫ్టులు. మొదటి రెండేళ్లు నాది సెల్లార్ పని, ట్యాంకులు కడగడం, బరువైన హోస్ పైపులు లాగడం, తొక్కు తోడిపోయడం. ఎంత తోమినా గోళ్ల సందుల్లో నలుపు పోదు, అల్లనేరేడు పళ్లు తిని చేతులు కడుక్కోని పిల్లల చేతుల్లా ఉండేవి, అమ్మ ఫోన్లో చూసి ఏమైందని ఏడ్చింది కూడా.

నాయన ప్రశ్నకు జవాబు చెప్పాలంటే కొంచెం లెక్క వేయాల్సొచ్చింది. అక్కడివాళ్లు తీపిని బోమే అనే కొలతలో చెప్తారు, ఒక బోమే అంటే సుమారు 1.8 బ్రిక్స్. కోసే రోజుకు షిరాజ్ 13.5 బోమే ఉందనుకుంటే మన లెక్కలో 24 పైమాటే. “ఇరవై నాలుగా!” అని నాయన నోరు తెరిచాడు. ఆ తీపంతా పులిసి ఆల్కహాల్‌గా మారుతుంది, బోమే ఎంతో ఆల్కహాల్ శాతం దాదాపు అంత.

ఆ తర్వాత కలపడం గురించి నేను చెప్పబోతుంటే ఆయనే అందుకున్నాడు. జ్యూస్ కంపెనీలకు పోయే గుజ్జులో తోతాపురిదే ఒళ్లు, చిక్కదనం, పులుపు అది ఇస్తుంది, వాసన కోసం కొంచెం ఆల్ఫోన్సో వేస్తారు, అది కల్తీ ఎట్లా అవుతుంది అని అమ్మతో వాదన పెట్టుకున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మూడేళ్లుగా నేను చేస్తున్న పనికి మా ఇంట్లోనే, మా మాటల్లోనే వివరణ ఉంది, నేను చూసుకోలేదంతే.

బరోసాలో ఎక్కువగా కలిపే మూడు రకాలు గ్రెనాష్, షిరాజ్, మటారో. ఫ్రాన్స్‌లో రోన్ నది దక్షిణ భాగం నుంచి వచ్చిన పద్ధతి ఇది. మటారోనే ఫ్రెంచివాళ్లు మూర్వెద్ర అంటారు, స్పెయిన్‌లో మొనాస్ట్రెల్ అంటారు, ఊళ్లో బేనీషా అన్నా బయట బంగినపల్లి అన్నా ఒకే కాయ అయినట్టు. గ్రెనాష్‌లో పండు వాసన బాగుంటుంది, రంగు పల్చన, వగరు తక్కువ. షిరాజ్ నల్లగా, నిండుగా ఉంటుంది. మటారో ఒంటరిగా తాగితే మొరటుగా, తడి మట్టి, తోలు వాసనలతో ఉంటుంది, కానీ పదో వంతు కలిపితే మిగతా రెండింటికీ వెన్నెముక వస్తుంది. సీసా మీద రకాల పేర్లు వేస్తే ఏది ఎక్కువుంటే అది ముందు రాయాలి, అందుకే ఈ మూడింటి మొదటి ఇంగ్లీషు అక్షరాలు జి.ఎస్.ఎం. అని ఉంటే గ్రెనాష్ ఎక్కువని అర్థం. ఒకే రకం పేరు వేయాలంటే అందులో ఆ రకం కనీసం 85 శాతం ఉండాలి.

రుచి ఒక్కటే కాదు, కలపడానికి ఇంకో కారణం రైతుకు బాగా తెలుసు. ఫ్రాన్స్‌లోని బోర్డోలో అట్లాంటిక్ మీదనుంచి ఎప్పుడు వాన పడుతుందో తెలియదు. అక్కడి ద్రాక్షల్లో మెర్లో ముందు పండుతుంది, కాబర్నే సావిన్యాన్ ఆలస్యంగా పండుతుంది, ఒకటి దెబ్బతింటే ఇంకోటి నిలబెడుతుంది. మా మామ బంగారుపాళ్యం దగ్గర తోటలో మేలో బేనీషా, తర్వాత తోతాపురి, చివర్లో నీలం వచ్చేటట్టు పెట్టుకున్నదీ ఇందుకే. ఆయనకు బోర్డో ఎక్కడుందో తెలియాల్సిన పని లేదు.

అయితే కల్తీకీ కలపడానికీ తేడా ఎంత సన్ననిదో నాకు అనుభవంలోనే తెలిసింది. రెండో ఏడాది కోతల్లో, తెల్లవారుజామున మూడు గంటలప్పుడు నేను ఒక వాల్వ్ తప్పు తిప్పాను. ఒకే తోట పేరుతో సీసాకెక్కాల్సిన షిరాజ్ ట్యాంకులోకి వేరే తోట గ్రెనాష్ ఆరు వందల లీటర్ల దాకా పోయింది. గుండె ఆగినంత పనైంది. వెంటనే వెళ్లి సూపర్‌వైజర్‌కు చెప్పాను. ఆయన అరవలేదు, ట్యాంకు కుళాయి తిప్పి గ్లాసులో పట్టి వాసన చూసి, “బాగానే ఉంది, కానీ ఆ తోట పేరు ఇక దీని మీద వేయలేం” అన్నాడు. ఆ ట్యాంకంతా మామూలు సీసాల లెక్కలోకి పోయింది. తాగేవాళ్లకు తేడా తెలిసి ఉండకపోవచ్చు. కానీ చెప్పకుండా కలిపితే అది కల్తీయే, అమ్మ మాటే కరెక్ట్. చెప్పి, కొలిచి, రాసి కలిపితేనే అది బ్లెండ్. పోసినదాన్ని మళ్లీ విడదీయలేం కాబట్టే ముందు చిన్న గ్లాసుల్లో చూస్తాం. వంద మిల్లీలీటర్ల సిలిండర్‌లో గ్రెనాష్ 55, షిరాజ్ 35, మటారో 10 పోసి ఒకటి, మటారోను 5కు తగ్గించి ఇంకోటి. ఆ అయిదే తేడా, కానీ నోట్లో రెండు వేరే వైన్లు. రాత్రంతా మూతపెట్టి మళ్లీ పొద్దున చూస్తాం, ఎందుకంటే కలిపిన పూట కలిసినట్టు అనిపించింది మర్నాటికి విడిపోతుంది ఒక్కోసారి.

ఈ పనిలో నాకు కలిసొచ్చింది మన భాషే. ద్రాక్ష తొక్కలో, గింజలో ఉండే టానిన్ నోట్లో ఉమ్మినీటిని పట్టేసి నాలుకను గరుకు చేస్తుంది, దానికి ఇంగ్లీషువాళ్లు డ్రై అనో ఇంకేదో అంటూ తడుముకుంటారు, మళ్లీ వైన్ విషయంలో డ్రై అంటే తీపి లేనిదని వేరే అర్థం. మనకు వగరు అనే మాట ఉగాది నాటికే నోట్లో ఉంటుంది. మామిడి పిందె వగరు, పచ్చి అరటికాయ వగరు, వక్క వగరు, కరక్కాయ వగరు, ఇవన్నీ వేరు వేరని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. నా నోట్సులో ఇప్పటికీ తెలుగులోనే రాసుకుంటాను, ‘మటారో – వక్క వగరు, చివర్లో’ అని.

తిండితో జత కలిపేటప్పుడు కూడా ఈ వగరే దారి చూపిస్తుంది. టానిన్‌కు పట్టుకోవడానికి ఇంకేదైనా మాంసకృత్తులు, కొవ్వు ఇస్తే మన నోటిని వదిలేస్తుంది. అందుకే ముదిరిన చెడ్డార్ చీజ్‌తో కాబర్నే, షిరాజ్ కలిపిన వైన్ అంత కమ్మగా ఉంటుంది. మెత్తటి బ్రీ చీజ్‌తో అదే వైన్ తాగితే చేదెక్కుతుంది, దానికి షార్డొనే అనే తెల్ల వైన్ కానీ నురగ వైన్ కానీ మేలు. మేకపాల చీజ్‌కు సావిన్యాన్ బ్లాంక్, ఇంకో తెల్ల వైన్. నీలి బూజు పట్టిన రోక్ఫోర్ లాంటి ఉప్పటి చీజ్‌కు తియ్యటి సోటెర్న్ వైన్, అది కూడా సెమియాన్, సావిన్యాన్ బ్లాంక్ ద్రాక్షలవి కలిపి చేసేదే. ఉప్పు, తీపి పక్కపక్కన పడితే ఎట్లుంటుందో ఉప్పు అద్దుకుని జామపండు తిన్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

మన వంటతో మాత్రం నేను బరోసాలో నా గదిలో చాలా దెబ్బలు తిన్నాను. నాటుకోడి పులుసులో మన కారం మన కారమే, దాని మీద 14.5 శాతం ఆల్కహాల్ ఉన్న ఎర్ర వైన్ తాగితే మంట రెట్టింపవుతుంది, వైన్ రుచీ పోతుంది, పులుసు రుచీ పోతుంది. చింతపండు పడినదానికి వైన్‌లో కూడా పులుపుండాలి, లేకపోతే చప్పబడిపోతుంది. పులుసుకూరలకు బరోసా పక్కనుండే ఈడెన్ వ్యాలీ తెల్ల వైన్ రీస్లింగ్, కొంచెం తీపి మిగిల్చిన రకం, చల్లగా. రాగి సంగటి, ఊరుబిండితో గ్రెనాష్ చాలా బాగుంటుంది, శెనక్కాయల్లోని నూనె వగరును తుడిచేస్తుంది. మిరియాలు దంచి వేసిన పొట్టేలు వేపుడుకైతే షిరాజ్‌ను మించింది నాకింకా దొరకలేదు. దానికి కారణం కూడా ఉంది. షిరాజ్‌లో మిరియాల వాసన ఇచ్చే రొటండోన్ అనే పదార్థాన్ని అడిలైడ్‌లోని ఆస్ట్రేలియా వైన్ పరిశోధన సంస్థ వాళ్లు గుర్తించి 2008లో ప్రకటించారు. మన మిరియాల్లో ఉన్నదీ అదే. ఐదుగురిలో ఒకరికి ఆ వాసన అసలు తెలియదని కూడా వాళ్ల పరీక్షల్లో తేలింది.

ఈ జూన్‌లో సెలవు దొరికింది. కస్టమ్స్‌వాళ్లు ఒప్పుకునే రెండు లీటర్ల లోపు రెండు సీసాలు తెచ్చాను, ఒకటి గ్రెనాష్, ఒకటి షిరాజ్, కావాలనే వేటికవి. ఆరోవిల్‌లో చేసిన గట్టి చీజ్ ముక్క ఒకటి మద్రాసులో దిగినప్పుడు కొన్నాను. తిరుమలకు, కాణిపాకానికి వెళ్లొచ్చేదాకా సీసాలు నా పెట్టెలోంచి బయటికి తీయలేదు, అమ్మ పెట్టిన షరతు అది, నాకూ అదే సరి అనిపించింది.

కట్టమంచిలో మా ఇంటి వసారాలో, కరెంటు పోయి వచ్చిన ఒక సాయంత్రం, రెండు సీసాలూ అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీశాను. ఎర్ర వైన్ గది వేడిలో తాగాలన్న మాట చలి దేశాలది, జూన్‌లో చిత్తూరుకు అది వర్తించదు. చీజ్‌ను మాత్రం ముందే బయటపెట్టాను. అమ్మ అంచు కొరికి, “ఇది జున్ను కాదే, ఉప్పు పెరుగు ఎండబెట్టినట్టుండాది” అంది. ఇంకో ముక్క తీసుకుంది.

నాయన జీవితంలో మద్యం ముట్టలేదు. గుజ్జు రుచి చూసినట్టే చూస్తానని పక్కన చెంబు పెట్టుకున్నాడు. షిరాజ్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఉండి, “మిరియాలు పాపా” అన్నాడు. నేనేమీ చెప్పలేదు ముందు. అమ్మ కూడా వాసన చూసి, తనకేమీ రాలేదంది. నాయన ఒక గుటక నోట్లో తిప్పి చెంబులో ఉమ్మి, “వగరు చివర్న నిలబడింది, తోతాపురిలో టెంక దగ్గర గుజ్జు మాదిరి” అన్నాడు. తర్వాత గ్రెనాష్. “ఇది వాసన మనిషి, ఒళ్లు లేదు.”

ఆ మాట అని లేచి లోపలికి పోయి టానిక్ సీసా మూత తెచ్చాడు, పది మిల్లీలీటర్ల దాకా గీతలుంటాయే, అది. సగం సగం కలిపి, బాగలేదని తల అడ్డంగా ఊపాడు. గ్రెనాష్ ఏడు, షిరాజ్ మూడు. మూతను కంటికి ఎదురుగా పట్టి, గీత దగ్గర బొటనవేలు ఆనించి, చెయ్యి వణక్కుండా పోశాడు, రిటైరై ఆరేళ్లయింది ఆయన. రుచి చూసి, చీజ్ ముక్క తిని, మళ్లీ చూసి, ఏమీ అనకుండా ఆ గ్లాసు మీద సాసర్ బోర్లించాడు. క్యాలెండర్ కాగితం చించి ‘7:3, రాత్రి 8.40’ అని రాసి దాని కింద పెట్టాడు.

“పొద్దున చూద్దాం” అన్నాడు.

“ఇడ్లీకి ముందరా, తర్వాతనా?” అమ్మ అడిగింది.

“ముందర. నోరు శుభ్రంగా ఉండాల.”