నది మీద కాలవ

సెప్టెంబరు మధ్యలో నా థీసిస్ ఇచ్చెయ్యాలి. ఇది 2025 మే. జర్మనీలో, ఈ మాగ్డెబర్గ్ ఊళ్లో, విద్యార్థిగా నాకు మిగిలింది నాలుగు నెలలు. మొన్నమొన్నటిదాకా ఈ నాలుగు నెలల్నీ షిఫ్టుల్లోనే లెక్కపెట్టుకున్నాను. వారానికి రెండు, నెలకి ఎనిమిది, మొత్తం ముప్పై రెండు. ఒక్కో షిఫ్టు ఎనిమిది గంటలు. గంటకి 12.82 యూరోల చొప్పున వంద యూరోల పైమాట, మన డబ్బుల్లో దగ్గర దగ్గర పదివేలు. అలా గుణించుకుంటూ పడుకుంటే నిద్ర పట్టేది.

వచ్చింది 2023 అక్టోబరులో. వీసా కోసం ఏడాది ఖర్చు ముందే వేసి ఉంచే బ్లాక్డ్ అకౌంట్లోంచి నెలకి 934 యూరోలు వచ్చేవి. అవి మొదటి ఏడాదికే. రెండో ఏడాది ఖర్చు ఎవరికి వాళ్లే చూసుకోవాలి. మనవాళ్లందరిలాగే నేనూ ఊరి బయట గోడౌనులో చేరాను. స్కానర్ పట్టుకుని అరల మధ్య నడవడం, అర్ధరాత్రి ట్రామ్ ఎక్కి రూముకి రావడం, మిగిలిన అన్నంలో పెరుగు కలుపుకుని పడుకోవడం. ఆ పనిని తక్కువ చేసి మాట్లాడను. నా అద్దె కట్టింది అదే, లోను వడ్డీ కట్టింది అదే. కాకపోతే ఇరవై నెలలు ఇట్టే వెళ్లిపోయాయి.

ఒక ఆదివారం నాన్న ఫోన్ చేశాడు. మాది కోనసీమ. నాన్న కాలవ మీద లస్కరు, లాకుల దగ్గర, అంటే పడవల్ని ఎత్తుకీ పల్లానికీ దాటించే నీటి తలుపుల దగ్గర పని. "ఏరా, మీ ఊళ్లో నది మీద కాలవ ఉందంట కదా. పడవలు వంతెన మీంచి పోతున్నాయి, వాట్సాప్‌లో వచ్చింది. చూశావా?" అన్నాడు.

చూడలేదు. సైకిలు మీద గంట దూరం, అంతే. వీలు కాలేదని చెప్పాను. "పోనీలేరా, ఒంట్లో బాగుంటోందా" అని మాట మార్చేశాడు. అలా మార్చెయ్యడమే నాకు గుచ్చుకుంది. జీవితమంతా కాలవ గట్టు మీదే గడిపిన మనిషి తన పనికి సంబంధించిన ఒక్క సంగతి అడిగాడు, కొడుకు దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రే కూర్చుని లెక్క వేశాను. రెండు షిఫ్టుల్లో ఒకటి మానేస్తే నెలకి నాలుగొందల యూరోలు తగ్గుతాయి. దాచుకున్నదాంట్లోంచి తీస్తే సెప్టెంబరు దాకా లాగొచ్చు. ఇంటికి పంపేది ఆగుతుంది. నాన్నకి ముందే చెప్పాను, సరే అన్నాడు. ఇంటి దగ్గర నెలనెలా కిస్తీ కట్టాల్సినవాళ్లకి ఇది కుదరదని నాకు తెలుసు. వాళ్లకి సలహా చెప్పే అర్హత నాకు లేదు. కాస్త వెసులుబాటు ఉండి కూడా అలవాటుకొద్దీ షిఫ్టులు పట్టుకునేవాళ్ల గురించే నా బాధ. నేనూ వాళ్లలో ఒకణ్ణే.

చదువు అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల పర్మిట్ వస్తుంది, అన్నీ అప్పుడు చూసుకుందాం అని మనలో చాలామంది అనుకుంటారు. ఆ 18 నెలలూ ఉద్యోగం దిగులుతోనే పోతాయని సీనియర్లని చూస్తే తెలిసిపోతుంది. పైగా యూనివర్సిటీ రిజిస్టర్లోంచి పేరు తీసేశాక చాలా తలుపులు మూసుకుంటాయి. ట్రాముల్లో, రైళ్లలో తిరిగే విద్యార్థి పాసు, సెమిస్టర్ టికెట్టు, పోతుంది. విద్యార్థుల రేటుకి వచ్చే ఇన్సూరెన్సు పోతుంది. భాషా కేంద్రంలో జర్మన్ క్లాసులో సీటు పోతుంది. ప్రొఫెసర్ గదికి వెళ్లి కూర్చుని మాట్లాడే చనువూ పోతుంది. రెండేళ్లుగా మా ప్రొఫెసర్‌తో మెయిల్లోనే మాట్లాడాను. మొన్న మొదటిసారి ఆయన విద్యార్థులకి కేటాయించే సమయంలో నేరుగా వెళ్లాను. రెండు వారాలుగా కొరుకుడు పడని సమస్య అరగంటలో తేలింది. మొదటి సెమిస్టర్లోనే వెళ్లాల్సింది.

ఖాళీ దొరికిన మొదటి శనివారం పాత సైకిలు ఒకటి కొనుక్కుని ఎల్బే నది గట్టు పట్టుకుని ఉత్తరంగా పోయాను. హెరెన్‌క్రుగ్ పార్కు దాటాక ఊరి చప్పుడు తగ్గిపోయింది. హోహెన్‌వార్టె దగ్గర గట్టెక్కి చూస్తే, కింద నది, పైన 918 మీటర్ల పొడుగున ఇనుప తొట్టిలా వంతెన, దాని నిండా నీళ్లు. సరుకు పడవ ఒకటి నెమ్మదిగా నది మీదుగా దాటుతోంది.

వీడియో కాల్ చేశాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. "మన గన్నవరం అక్విడెక్టేరా ఇది" అన్నాడు చివరికి. నిజమే. పి.గన్నవరంలో వైనతేయ గోదావరి మీద 1850ల్లోనే కమానులు కట్టి, వాటి మీద కాలవ పారించారు. ఇప్పుడు దాని పక్కనే డొక్కా సీతమ్మ గారి పేరుతో కొత్తది ఉంది. నేను వేలసార్లు దాటాను. ఇక్కడ నిలబడి ఉండి కూడా నాకు తట్టలేదు.

"అంత బరువు పడవ ఎక్కితే వంతెనకి ఏం కాదా నాన్నా" అన్నాను, పక్కనున్న అమ్మకి తెలియాలని. ఆయనే చెప్పాడు: "పడవ ఎంత బరువుంటే అంత నీళ్లు పక్కకి జరుగుతాయి కదరా. వంతెనకి మోత ఒకటే." మెకానికల్ చదివినవాణ్ణి నేను. ఆయన పదో తరగతి.

తర్వాత లాకుల దగ్గరికి తీసుకెళ్లమన్నాడు. ఫోన్ పట్టుకుని నడిచాను. ఇక్కడ పడవ ఒక్క లాకులోనే దాదాపు 19 మీటర్లు దిగుతుంది. పక్కన తొట్లు కట్టి, దింపిన నీళ్లలో సగానికి పైగా వాటిలో నిలవేసి మళ్లీ వాడతారు. ఆ తొట్లని మూడుసార్లు చూపించమన్నాడు. తలుపు ఎటు తెరుచుకుంటుంది, ఎంతమంది ఉంటారు, రాత్రి ఎవరు చూస్తారు... నాకు తెలియనివే ఎక్కువ. అక్కడే బెంచీ మీద ఒక పెద్దాయన ఉంటే నాకొచ్చిన జర్మన్‌లో అడిగాను. ఓపిగ్గా చెప్పాడు. 1930ల్లో మొదలుపెట్టారట, యుద్ధంలో 1942లో పని ఆగిపోయింది, తర్వాత దేశమే రెండు ముక్కలైంది, మళ్లీ 1997లో మొదలుపెట్టి 2003లో నీళ్లు వదిలారు. ఆయన మాటల్లో నాకు సగమే అర్థమైంది. అర్థమైన సగాన్ని తెలుగులో నాన్నకి చెప్పాను. ఆయన అడిగింది పెద్దాయనకి చెప్పాను. ఇరవై నెలల్లో నేను అంతసేపు జర్మన్ మాట్లాడింది ఆ రోజే.

ఇప్పుడు వారానికి రెండు సాయంత్రాలు భాషా క్లాసుకి పోతున్నాను. థీసిస్ పొద్దున్నే లైబ్రరీలో రాస్తున్నాను. షిఫ్టు ఒక్కటే.

నిన్న నాన్న ఇంకో ప్రశ్న పంపాడు. మా వైపు వేసవిలో కాలవలకి నీళ్లు ఆపేసి పూడిక తీస్తారు, లాకులకి మరమ్మతులు చేస్తారు. అక్కడ కాలవకి నీళ్లు ఎప్పుడు ఆపుతారు, ఆపినప్పుడు పడవలు ఏమవుతాయి, కనుక్కోమన్నాడు. ఆ ప్రశ్న జర్మన్‌లో రాసి పెట్టుకున్నాను. క్రియ సరైన చోట పడిందో లేదో గురువారం టీచరుకి చూపించాలి. శనివారం పెద్దాయన మళ్లీ అక్కడ ఉంటానన్నాడు.