ఒక్క ‘మే’ ఎక్కువైనందుకు

మొన్న మంగళవారం స్పానిష్ పరీక్ష ఫలితం వచ్చింది. నా పేరు ఎదురుగా ‘ఆప్తో’ అని ఉంది. పాసయ్యానన్నమాట. వినడానికి మన ‘ఆప్తులు’లాగే ఉంది గానీ, ఈ ఏడాదిన్నరలో స్పానిష్ నాకు ఏనాడూ ఆప్తురాలిగా మసలలేదు. అందులోనూ ఆ రిఫ్లెక్సివ్ క్రియలు, అంటే తనకు తాను చేసుకునే పనుల మాటలు, పగబట్టినట్టే ప్రవర్తించాయి. వేడి చల్లారకముందే రాసేస్తున్నాను. నాలుగు రోజులాగితే సిగ్గేసి రాయను.

మేం వలెన్సియాలో ఉంటాం. పదేళ్ళు నిండాయి. ఇండియా వాళ్ళకి స్పెయిన్ పౌరసత్వం కావాలంటే మామూలుగా పదేళ్ళు ఇక్కడ ఉండాలి, దాంతోపాటు రెండు పరీక్షలు పాసవ్వాలి. మొదటిది రాజ్యాంగం, సంస్కృతి మీద. 25 ప్రశ్నలు, 15 సరైతే చాలు. ప్రశ్నలన్నీ ముందే పుస్తకంలో ఇచ్చేస్తారు. బట్టీ పట్టడం మనకి ఒకళ్ళు నేర్పాలా? అయిపోయింది. రెండోది డెలే ఏ2, భాష పరీక్ష. అప్లికేషన్ ఆన్‌లైన్‌లో పెట్టి డబ్బు కట్టడం పది నిమిషాల పని. అక్కడి నుంచి మొదలైంది నా కథ.

మా ఇంటికి రెండు మెట్రో స్టేషన్ల దూరంలో ఒక ట్యూషన్ సెంటర్ ఉంది. పేరు చెప్పను. వారానికి రెండు సాయంత్రాలు క్లాసు. టీచరు నాకన్నా పదేళ్ళు చిన్నది. అందరం ‘ప్రొఫె’ అనేవాళ్ళం. ఐదో పాఠంలో రిఫ్లెక్సివ్ క్రియలొచ్చాయి. పుస్తకంలో అద్దం ముందు నిలబడి పళ్ళు తోముకుంటున్న పిల్లాడి బొమ్మ, కింద నేను, నువ్వు, ఆయన, మనం, మీరు, వాళ్ళు అని ఆరు గళ్ళ పట్టిక. మే లాబో, తే లాబాస్, సే లాబా, నోస్ లాబామోస్, ఓస్ లాబాయిస్, సే లాబాన్. లాబార్ అంటే కడగడం, లాబార్సే అంటే తనని తాను కడగడం. ‘ఇది బట్టీ పట్టండి’ అంది ప్రొఫె. పట్టాను. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. కానీ వాక్యంలో పెట్టమంటే చేతులెత్తేసేదాన్ని.

మొదట్లో ఆ ‘మే’ నా నోటికి వచ్చేదే కాదు. ‘పొద్దున్నే ఆరింటికి లాబో’ అనేదాన్ని. ప్రొఫె వెంటనే ‘ఏం కడుగుతావు? కారా?’ అనేది. క్లాసంతా నవ్వు. తర్వాత నిఘంటువులో అన్నిటికీ చివర ‘సే’ ఉంటుంది కదా అని ‘నేను లేస్తాను’ అనడానికి ‘యో సే లెబాంతో’ అన్నాను. నేను కాబట్టి ‘మే’ రావాలి, ‘సే’ కాదట. సరే అనుకుని ‘నాకు స్నానం చేయాలని ఉంది’ అనబోయి ‘కియెరో దుచార్సే’ అన్నాను. అక్కడ కూడా దుచార్మే అనాలట! క్రియ మారకుండా ఉన్నా చివరి ముక్క మాత్రం నన్ను బట్టి మారాలి. ఏం న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు గానీ అలవాటైపోయింది.

ఇంకో చిక్కు మనవాళ్ళకి మాత్రమే వస్తుందని నా అనుమానం. స్పానిష్‌లో ‘నాకు కాఫీ ఇష్టం’ అనడానికి ‘మే గుస్తా ఎల్ కఫే’ అంటారు. అచ్చం తెలుగే. ఇందులో ‘మే’ అంటే ‘నాకు’, క్రియ నడిచేది కాఫీని బట్టి. క్లాసులో ఉక్రెయిన్ ఆవిడ దీనికి వారం రోజులు తల పట్టుకుంటే నేను మొదటి రోజే గడగడా చెప్పేశాను, ప్రొఫె మెచ్చుకుంది కూడా. ఆ మెప్పే కొంప ముంచింది. స్నానానికీ అదే లెక్క కట్టి ‘మే దుచా’ అన్నాను. ‘మే దుచో’ అనాలి. మే దుచా అంటే ఎవరో నాకు స్నానం చేయిస్తున్నట్టు. ‘ఎవరు చేయిస్తున్నారు, మీ ఆయనా?’ అంది ప్రొఫె. అప్పుడే ఆ పిల్ల మీద నాకు కడుపులో ఒక మూల మంట మొదలైంది.

దారి చూపించింది మా చిన్నాడు. ఒకరోజు పార్కు నుంచి బురదతో వచ్చాడు. ‘రా, చేతులు కడుగుతా’ అన్నాను. ‘వద్దు, నేనే కడుక్కుంటా’ అన్నాడు. కడుగుతా, కడుక్కుంటా. లాబో, మే లాబో. వంటింట్లో ఉన్నదాన్ని ఉన్నట్టే నిలబడిపోయాను. ఏడాది ఫీజు కట్టిన చోట ఎవరూ చెప్పని ముక్క ఆరేళ్ళ వెధవ చెప్పాడు. మన ‘కొను’ ఇదే పని చేస్తుంది కదా! పని ఎవరు చేస్తున్నారో, దాని ఫలం కూడా వాళ్ళకే. మన వ్యాకరణంలో దీనికి ఆత్మార్థకం అని పేరు. ఆ రాత్రి నోటు పుస్తకం తీసి రాసుకుంటూ పోయాను. కూర్చోవడం సెంతార్సే, పడుకోవడం అకోస్తార్సే, బట్టలు వేసుకోవడం పోనేర్సే, పెళ్ళి చేసుకోవడం కసార్సే. అన్నీ అతికినట్టు సరిపోయాయి. తేడా ఒక్కటే. మన కొను క్రియ వెనక చేరి ఒక్కచోటే మారుతుంది. వీళ్ళకి ముందు మే, తే, సే మారాలి, వెనక క్రియ తోకా మారాలి, మధ్యలో కొన్నిటికి నడుము కూడా మారాలి. అకోస్తార్సే అన్నది నేననేసరికి మే అకుయెస్తో అవుతుంది, మేమంటే మళ్ళీ బుద్ధిగా నోస్ అకోస్తామోస్.

కానీ పుస్తకం నిండుతున్నకొద్దీ తేడాలు బయటపడ్డాయి. మనం లేస్తాం, స్నానం చేస్తాం, ‘కొను’ ఉండదు. వాళ్ళకి రెండిటికీ సే ఉంటుంది. మనం నేర్చుకుంటాం, తీసుకుంటాం. వాళ్ళకి సే అక్కర్లేదు. మెలకువ అయితే మనకి దానంతటది వస్తుంది, వాళ్ళు మాత్రం ‘మే దెస్పియెర్తో’ అని తమని తామే లేపుకుంటారు. ఇదంతా చూసి నేనొక నిర్ణయానికొచ్చాను. ‘మే’ మర్చిపోయినప్పుడల్లా తిట్లు తిన్నాను, ఎక్కువైనందుకు ఇంతవరకూ ఎవరూ ఏమీ అనలేదు. కాబట్టి అనుమానం వస్తే ‘మే’ పెట్టేద్దాం. నా కోసం నేను చేసే పనైతే పెట్టేయడమే.

ఇక అసలు సంగతి. మార్చిలో క్లాసులోనే నమూనా మౌఖిక పరీక్ష పెట్టారు. ఒక్కొక్కళ్ళం ముందుకెళ్ళి నిలబడి దినచర్య చెప్పాలి. నా వంతు వచ్చింది. ఆరింటికి మే దెస్పియెర్తో, మే లెబాంతో, మే లాబో, బట్టలేసుకోవడానికి మే బిస్తో. ఒక్క తప్పు లేదు. ప్రొఫె తలూపుతోంది. నాకు ఊపొచ్చింది. నేను రోజూ పొద్దున్నే తురియాలో పరిగెడతాను. తెలియనివాళ్ళకి చెప్తున్నాను, తురియా అంటే ఒకప్పుడు ఊరి మధ్యలోంచి పారిన నది. 1957లో పెద్ద వరదొచ్చి ఊరు మునిగితే నదినే ఊరి బయటికి మళ్ళించారు. ఎండిన నదిగర్భంలో మొదట మోటారు రోడ్డు వేద్దామనుకుంటే, జనం ఒప్పుకోక తోట వేయించుకున్నారు. అందులో పరిగెత్తడం నాకు గర్వం. పైగా పరుగు నా ఒంటి కోసం నేను చేసేది. నా లెక్క ప్రకారం ‘మే’ పడాల్సిందే. కొర్రేర్ అంటే పరిగెత్తడం. గొంతు కొంచెం పెంచి, ‘తర్వాత తురియాలో ఒక గంట మే కొర్రో’ అన్నాను.

క్లాసు ఒక్కసారిగా మూగబోయింది. ముందు బ్రెజిల్ కుర్రాడి ముక్కులోంచి ఏదో శబ్దం వచ్చింది. ప్రొఫె మొహం ఎర్రబడింది. ‘కొర్రో, కొర్రో’ అంది గబగబా. నాకేమర్థమైందంటే, క్రియ రూపాలు అప్పజెప్పమంటోందని. పట్టిక నాకు కొట్టిన పిండి. చేతులు కట్టుకుని, ఆగకుండా, ఇంకా గట్టిగా అప్పజెప్పాను. మే కొర్రో, తే కొర్రెస్, సే కొర్రె, నోస్ కొర్రేమోస్, ఓస్ కొర్రేయిస్, సే కొర్రెన్. నేను, నువ్వు, ఆయన, మనందరం, మీరందరూ, వాళ్ళు కూడా. ఎవర్నీ వదల్లేదు. మనందరం అన్నప్పుడు చెయ్యి గుండ్రంగా తిప్పి క్లాసంతా చూపించాను కూడా. బ్రెజిల్ కుర్రాడు బల్ల మీద తల పెట్టేశాడు.

‘అది వాడుకలో వేరే. పరీక్షలో రాదు. తర్వాతివాళ్ళు’ అంది ప్రొఫె. అంతే. అర్థం చెప్పలేదు. విరామంలో ఉక్రెయిన్ ఆవిడ నన్ను కారిడార్‌లోకి తీసుకెళ్ళి చెవిలో ఇంగ్లీషులో చెప్పింది. ఆ మాట ఇక్కడ రాయను. పడగ్గదికి సంబంధించిన, మగవాళ్ళు కూడా నలుగురిలో అనని మాట అనుకోండి. స్పెయిన్ స్నేహితులుంటే చెవిలో అడగండి. నేను సంచి తీసుకుని చక్కా ఇంటికొచ్చేశాను. రెండు క్లాసులు ఎగ్గొట్టాను. మా ఆయనకి చెప్తే ఓదార్చలేదు సరికదా, సోఫా మీంచి లేవలేనంతగా నవ్వారు. పదేళ్ళ నుంచి ఆఫీసులో ఇంగ్లీషుతో నెట్టుకొస్తూ ‘గ్రాసియాస్’ అనే థాంక్యూ దాటని మనిషి! మర్నాడు పొద్దున షూ వేసుకుంటుంటే ‘ఎక్కడికి?’ అని అడిగి మళ్ళీ నవ్వారు.

తప్పు నాదే, కాదనను. కానీ పెద్దవాళ్ళకి చదువు చెప్పే చోట ఈ ఒక్క ముక్క ముందే చెప్పేస్తే ఏం పోయింది? ‘సే తగిలిస్తే కొన్ని క్రియలకి అర్థమే మారిపోతుంది, ఫలానా దానితో జాగ్రత్త’ అంటే అయిపోయేది. మనూళ్ళో కొత్త కోడలికి కూడా ఎక్కడ ఏ మాట అనకూడదో తోడికోడలు వంటింట్లోనే చెప్పేస్తుంది. ఇక్కడ డబ్బు పుచ్చుకుని అద్దం ముందు పిల్లాణ్ణి చూపిస్తారు. ఆ పిల్లాడు పన్నెండు పేజీలు పళ్ళు తోముకుంటూనే ఉన్నాడు.

ఆ క్లాసుకి మళ్ళీ వెళ్ళాను, ఫీజు కట్టేశాను కాబట్టి. కానీ చదువు మాత్రం బయటే సాగింది. మా అపార్ట్‌మెంట్ లోపలి వసారాలో పైనుంచి కింద వరకూ అందరూ బట్టలు ఆరేస్తారు. ఒకరోజు పై అంతస్తు పెద్దావిడ బెల్లు కొట్టి, ‘సే మే ఆ కయీదో’ అంటూ కిందికి చూపించింది. దుప్పటి జారి మా తీగ మీద పడింది. ‘నేను పడేశాను’ అనలేదు, ‘అదే నా చేతిలోంచి పడిపోయింది’ అంది. మా పిల్లాడు గ్లాసు పగలగొట్టి ‘పగిలిపోయింది’ అనడం లాంటిదే. అప్పుడు వెలిగింది రెండో దీపం. ‘సే’ అన్నిచోట్లా ‘కొను’ కాదు, కొన్నిచోట్ల మన ‘పో’. బోయ్ అంటే వెళ్తున్నా, మే బోయ్ అంటే వెళ్ళిపోతున్నా. కయేర్సే పడిపోవడం, కెదార్సే ఉండిపోవడం, మొరీర్సే చచ్చిపోవడం. ప్రొఫెకి చెప్తే ‘ఆసక్తికరం’ అని పుస్తకం పేజీ తిప్పింది. తెలుగు రాని జన్మ, ఏం చేస్తాం.

రెండో బడి మా వీధి పార్కు. అక్కడ సాయంత్రం తల్లులు పిల్లల్ని అదిలించే మాటలన్నీ ఇవే. లెబాంతాతే, లే. సియెంతాతే, కూర్చో. కాయాతే, నోర్ముయ్. బామొనోస్, పోదాం పద. ఆజ్ఞ అయితే ‘తే’ వెనక అతుక్కుంటుంది, వద్దని చెప్పాల్సొస్తే మళ్ళీ ముందుకి దూకుతుంది, ‘నో తే లెబాంతెస్’. పట్టికలో పది రోజులు పట్టేది బెంచీ మీద రెండు సాయంత్రాల్లో వచ్చేసింది. ‘మీరు వెళ్ళిపోండి’ అనడానికి సరైన రూపం ‘ఈదోస్’ అని పుస్తకంలో ఉంది, పార్కులో అందరూ ‘ఈరోస్’ అంటారు. ఏది సరైన మాటో తేల్చే స్పానిష్ రాయల్ అకాడమీ కూడా 2017లో దాన్ని ఒప్పుకుంది. జనం అనీ అనీ అకాడమీ చేత ఒప్పించారు! నాకది చదివి ఎంత తృప్తో.

మీరెవరైనా ఈ పరీక్ష రాస్తుంటే ఒక్కటే చెప్తాను. క్రియని ఒంటిగా నేర్చుకోకండి, సే ఉన్నదీ లేనిదీ జంటగా నేర్చుకోండి. అబుర్రో అంటే నేను ఎదుటివాళ్ళకి బోరు కొట్టిస్తాను, మే అబుర్రో అంటే నాకు బోరు కొడుతోంది. దుయెర్మో అంటే నిద్రపోతాను, మే దుయెర్మో అంటే నిద్రలోకి జారుకుంటాను. ఇంకా, ‘అకోస్తార్సే’ పక్కన ‘ఫలానా వాళ్ళతో’ అని ఎప్పుడూ చేర్చకండి. మన ‘పడుకోవడం’తో వచ్చే తంటాయే అక్కడా వస్తుంది.

పరీక్ష రోజు చదవడం, వినడం, రాయడం గడిచిపోయాయి. వినడంలో రెండో రికార్డింగు ఎవరో నీళ్ళు పుక్కిలిస్తూ మాట్లాడినట్టుంది, అంతే. మౌఖికానికి 12 నిమిషాలు సిద్ధం కావడానికి, 12 నిమిషాలు మాట్లాడడానికి. రెండు అంశాలిచ్చి ఒకటి ఎంచుకోమన్నారు. ఒకటి ప్రయాణం, రెండోది మామూలు రోజు. ప్రయాణం తీసుకుంటే ఏ గొడవా లేదు. రెండోదే తీసుకున్నాను. పౌరుషం!

లోపల ఇద్దరున్నారు. ఒకావిడ ఎదురుగా, మార్కులు వేసే ఆవిడ కాస్త వెనకగా. ‘సియెంతేసే’ అంది ఎదురుగా ఉన్నావిడ, మర్యాదగా. కూర్చున్నాను. మెలకువ, లేవడం, మొహం, బట్టలు, అన్నీ వరసగా వచ్చాయి. పిల్లాణ్ణి లేపడం దగ్గర ‘మే’ తీసేశాను, వాణ్ణి లేపేది నేను కాబట్టి. తర్వాత తురియా. గొంతు ఎండిపోయింది. ‘నడుస్తాను’ అని తప్పించుకోవచ్చు, కమీనో అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. పెదాలు మూసి ‘మ’ అన్న అక్షరం బయటికి రాకుండా బిగబట్టి, ఒక్క క్షణం ఆగాను.

‘కొర్రో’ అన్నాను.

వెనకావిడ తలెత్తకుండా ఏదో రాసుకుంది.