గ్రిల్ చూసి ఏడాది చెప్పకండి

పాత షెవ్రొలే పికప్ కొనాలన్న ఉబలాటం ఇక్కడ టెక్సాస్‌లో మన తెలుగువాళ్లకూ పట్టుకుంది. ఎవరో ఒకరు అమ్మకానికి పెట్టిన బండి ఫొటో పంపి, "అన్నా, 1970 ఒరిజినల్ అంటున్నాడు, చూసి చెప్పవా" అంటారు. ఫొటోలో ఉండేదేమో బండి ముందుభాగం. 1967 నుంచి 1972 దాకా వచ్చిన సీ10 అనే షెవ్రొలే పికప్‌లలో తేలిగ్గా మార్చెయ్యగలిగేది సరిగ్గా అదే. గ్రిల్, బానెట్, ఫెండర్లు అన్నీ బోల్టులు విప్పితే ఊడొస్తాయి, అచ్చం పాతవాటిలాగే చేసిన కొత్తవి కూడా దొరుకుతాయి, కాబట్టి 67 బండికి 70 ముఖం తగిలించినా కొత్తగా చూసేవాడికి అనుమానం రాదు.

అయినా ముఖం సంగతి గబగబా చెప్పేస్తా. 67, 68లకు గ్రిల్ ఒకటే. 69, 70ల్లో మధ్యన అల్యూమినియం పట్టీ, దాని మీద షెవ్రొలే అక్షరాలు, బానెట్ మూతి కొంచెం నిటారుగా ఉంటుంది. 71, 72ల్లో గళ్ల గ్రిల్, నడుమ బౌటై, అంటే షెవ్రొలే కంపెనీ గుర్తు. 67కి పక్కల సైడ్ మార్కర్ లైట్లు ఉండవు, అవి 1968లో అమెరికా ప్రభుత్వ రూలుతో వచ్చాయి. క్యాబ్ వెనక అద్దం చిన్నదిగా ఉంటే మాత్రం అది 67 అని గట్టిగానే చెప్పొచ్చు, ఎందుకంటే అది క్యాబ్ రేకులోనే ఉన్న కంత, ఊరికే మార్చేది కాదు. పెద్ద అద్దం ఉన్నంత మాత్రాన 67 కాదని కాదు, అదనంగా డబ్బు కట్టినవాళ్లకు అప్పుడే ఇచ్చారు.

నేను ముందు చూసేది ఎవరూ పట్టించుకోని చిన్న చిన్న వస్తువులు. ఉదాహరణకు చక్రం నట్లు. హాఫ్ టన్ (బరువు మోసే తరగతి పేరు) టూవీల్ డ్రైవ్ సీ10కి 1970 దాకా ఆరు నట్లు, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు. 71 నుంచి ఐదు నట్లు, ముందు డిస్క్ బ్రేకులు. ముందు ఐదు, వెనక ఆరు ఉన్న బండి కూడా కనపడుతుంది, డిస్కుల కోసం కొత్త బండి ముందు సస్పెన్షన్ పట్టుకొచ్చి బిగించారన్నమాట. నడపడానికి అది మంచి మార్పే, నేనైనా చేయిస్తా, కానీ దాన్ని ఒరిజినల్ అనకూడదు కదా. 71కీ 72కీ తేడా చెప్పాలంటే లోపల వెనక చూసుకునే అద్దం చూడండి: 71లో క్యాబ్‌కి బోల్టుతో బిగించి ఉంటుంది, 72లో ముందు అద్దానికి అతికించి ఉంటుంది. పార్కింగ్ బ్రేక్ చేత్తో లాగేదైతే 68 లేదా అంతకు ముందుది, 69 నుంచి కాలితో తొక్కేది పెట్టారు.

ఇక అసలు సాక్ష్యం డ్రైవర్ డోర్ తెరిస్తే పిల్లర్ మీద ఉండే ప్లేటు. ఉదాహరణకు నంబరు సీఈ140జే అని మొదలైందనుకోండి. సీ అంటే టూవీల్ డ్రైవ్, ఫోర్ వీల్ డ్రైవ్ అయితే కే. ఈ అంటే వీ8, ఎస్ అయితే సిక్స్ సిలిండర్. 1 అంటే హాఫ్ టన్, 4 అంటే పికప్, ఆ తర్వాతి సున్నాయే ఏడాది, అంటే 1970. జే అంటే విస్కాన్సిన్‌లోని జేన్స్‌విల్ ఫ్యాక్టరీ, ఎఫ్ అయితే ఫ్లింట్. 72 బండ్లకు నంబరు ముందు ఇంకో అక్షరం చేర్చారు, అందుకే అవి సీసీఈ అని మొదలవుతాయి. ప్లేటు రివెట్లను ఎవరైనా కెలికినట్టుంటే, ఆ నంబరు ఛాసిస్ మీద గుద్దిన నంబరుతో కలుస్తుందో లేదో చూడనిదే డబ్బు తియ్యొద్దు. టైటిల్, అంటే బండి యాజమాన్య పత్రంలో ఉన్న ఏడాదిని మాత్రం నేను లెక్కలోకి తీసుకోను, అప్పట్లో బండి అమ్ముడుపోయిన ఏడాదినే రాసేసినవి కూడా ఉన్నాయి.

గ్లవ్ బాక్స్ మూత లోపలివైపు అతికించిన కాగితం మిగిలి ఉంటే మీ పంట పండినట్టే. ఫ్యాక్టరీలో వేసిన రంగు కోడ్, ఆప్షన్లు, వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) అన్నీ అందులో ఉంటాయి. చాలా బండ్లలో అది చిరిగిపోయో, ఎవరో పెయింట్ కొట్టేసో ఉంటుంది.

ఇంజన్ దగ్గరే అందరూ బోల్తా పడతారు. "350 ఒరిజినల్ మోటార్" అని 68 బండిని అమ్మజూపితే నమ్మకండి, ఈ పికప్‌లకు 350 (క్యూబిక్ అంగుళాల్లో ఇంజన్ సైజు) వచ్చింది 1969లో, 68లో ఉన్న వీ8లు 307, 327, 396. అదీగాక ఇంజన్ బ్లాకు వెనక, గేర్‌బాక్స్ కలిసే అంచు మీద పోత పోసిన తేదీ ఉంటుంది. నెలకు ఒక అక్షరం, తర్వాత రోజు, చివర ఏడాదికి ఒకే ఒక్క అంకె. చివర 9 ఉంటే 1969 కావచ్చు, 1979 కూడా కావచ్చు! 350కి వాడిన 3970010 నంబరు బ్లాకును డెబ్బైల చివరిదాకా వాడారు మరి. అందుకే తేదీ ఒక్కటే సరిపోదు, ముందువైపు కుడి సిలిండర్ హెడ్ కింద చదునుగా ఉండే చోట గుద్దిన అక్షరాలు కూడా చదవాలి. అక్కడ మడ్డి పేరుకుపోయి ఉంటుంది, పాత గుడ్డ, కాస్త బ్రేక్ క్లీనర్ పట్టుకెళ్లండి.

పెట్రోల్ ట్యాంకు ఈ బండ్లకు క్యాబ్ లోపలే, సీటు వెనక ఉంటుంది, మూత డ్రైవర్ డోర్ వెనక బయటికి కనిపిస్తుంది. చాలామంది దాన్ని తీసేసి బెడ్ (వెనక సామాను వేసే తొట్టి) కిందకి మార్చుకుంటారు. వాసనకీ భయానికీ అది సబబే, నేను తప్పుపట్టను.

చివరగా టేపు తీసి వీల్‌బేస్ కొలవండి. షార్ట్ బెడ్‌కి 115 అంగుళాలు, లాంగ్ బెడ్‌కి 127. షార్ట్ బెడ్‌కే గిరాకీ, ధరా ఎక్కువ, అందుకని లాంగ్ బెడ్ ఛాసిస్ కోసి కుదించి అమ్మేవాళ్లు బోలెడుమంది. టేపు 115 చూపించినా కిందకి దూరి ఛాసిస్ మీద వెల్డింగ్ అతుకులు ఉన్నాయేమో వెతకండి, గ్లవ్ బాక్స్ కాగితం ఉంటే అందులో 127 అని దొరికిపోతుంది. పనితనం బాగుంటే కుదించిన బండి కూడా శుభ్రంగా నడుస్తుంది, కొనుక్కోవచ్చు కూడా, కాకపోతే ఫ్యాక్టరీ షార్ట్ బెడ్ రేటు అడిగితే మాత్రం లేచి వచ్చెయ్యండి.