అమరావతి గది, బ్రౌన్ సమాధి, డార్కింగ్ రైలు

టవర్ బ్రిడ్జి, లండన్ ఐ, బకింగ్‌హాం ప్యాలెస్ గురించి చెప్పేవాళ్ళు బోలెడుమంది. మేము లండన్‌కు పడమరన ఉన్న రెడింగ్‌లో స్నేహితుల ఇంట్లో దిగాం. శని, ఆదివారాలు వాళ్ళతో తిరిగి, వాళ్ళు ఆఫీసులకు వెళ్ళిన రెండు రోజుల్లో తెలుగువాళ్ళకు సంబంధించిన మూడు చోట్లు చూశాం. ఈ దారి పట్టేవాళ్ళకు పనికొచ్చే సంగతులు ఇవి.

ముందు రైలు సంగతి. రెడింగ్‌లో ఎలిజబెత్ లైన్ ఎక్కితే ఎక్కడా మారకుండా బ్రిటిష్ మ్యూజియానికి దగ్గరి స్టేషను టాటెన్‌హాం కోర్ట్ రోడ్‌లో దిగొచ్చు, గంట పైనే పడుతుంది. ప్యాడింగ్టన్ దాకా ఫాస్ట్ రైలైతే అరగంట చాలు, కాకపోతే అక్కడ మారాలి. చాలామంది బోల్తా పడేది ఆయిస్టర్ కార్డు (ముందే డబ్బు వేసుకుని లండన్ రైళ్ళలో, బస్సుల్లో తాకించే కార్డు) దగ్గర: పడమరవైపు వెస్ట్ డ్రేటన్ దాటితే అది చెల్లదు, స్లౌకైనా రెడింగ్‌కైనా కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డో టికెట్టో ఉండాలి. మనిషికో కార్డు కావాలి. ఎక్కేటప్పుడు ఫోన్ తాకించి, దిగేటప్పుడు ప్లాస్టిక్ కార్డు తాకిస్తే, రెండూ ఒకే ఖాతావైనా మిషన్ లెక్కలో అవి వేరు వేరు. రెండు సగం ప్రయాణాలుగా పట్టుకుని, రెండింటికీ గరిష్ఠ ఛార్జీ కోస్తుంది. పనిదినాల్లో 6:30 నుంచి 9:30 దాకా, సాయంత్రం 4 నుంచి 7 దాకా రేటు ఎక్కువ. పొద్దున టిఫిన్ నిదానంగా తిని బయల్దేరడమే లాభం.

బ్రిటిష్ మ్యూజియం ప్రవేశం ఉచితమే, అయినా ఆన్‌లైన్లో ముందే సమయం బుక్ చేసుకుంటే మంచిది. చక్రాల పెట్టెలు లోపలికి రానివ్వరు. అందరూ ముందు ద్వారం దగ్గరే బారులు తీరతారు. వెనక మాంటేగ్ ప్లేస్ వైపు ద్వారం ఉంది, మనకు కావలసిన 33వ నంబరు గది అటే దగ్గర. దాన్ని ఆనుకుని అద్దాల గోడ వెనక ఉన్నదే 33ఎ, అమరావతి స్తూపం శిల్పాలున్న అమరావతి గది. మన పల్నాటి సున్నపురాయికి తేమ, వేడి పడవు కనుక విడిగా అద్దాల్లో ఉంచారు. ఒక్కోసారి తలుపు మూసి ఉంటుంది, అప్పుడు బయటి నుంచే చూడాలి.

1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఈ పలకలు మద్రాసులో కొన్నేళ్ళు ఉండి 1859లో లండన్ చేరాయి. అన్నిటినీ చూడబోతే కళ్ళు అలిసిపోతాయి, ఒక్కదాని దగ్గర ఆగండి. రెండు వైపులా చెక్కిన పలక ఒకటుంది. ఒకవైపు బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ చేతులు జోడించిన భక్తులు. బుద్ధుడి రూపం చెక్కని కాలం నాటిది. సుమారు మూడు వందల ఏళ్ళ తరువాత ఎవరో శిల్పి అదే రాయిని తిరగేసి, రెండో వైపు స్తూపాన్నే చెక్కాడు. ద్వారం దగ్గర సింహాలు, వరసగా అయిదు ఆయక స్తంభాలు (స్తూపం ముందుకు పొడుచుకొచ్చిన అరుగు మీద నిలిపేవి) కనిపిస్తాయి. ఇప్పుడు అమరావతిలో మిగిలింది మట్టిదిబ్బే, కాబట్టి ఆ స్తూపం ఎలా ఉండేదో తెలిపే బొమ్మల్లో ఇదొకటి. మిగతా శిల్పాల్లో పెద్ద వాటా చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది.

అక్కడికి పది నిమిషాల నడకలో గోవర్ స్ట్రీట్‌లో యూనివర్సిటీ కాలేజీ. ఇండియా నుంచి తిరిగొచ్చాక సి.పి. బ్రౌన్ తెలుగు ప్రొఫెసరుగా పనిచేసింది ఇందులోనే. బయటి నుంచి చూస్తే చాలు.

ఆయన సమాధి కెన్సల్ గ్రీన్ శ్మశానంలో. ఆక్స్‌ఫర్డ్ సర్కస్‌లో బేకర్లూ లైన్ ఎక్కాలి. బోర్డు చూసి ఎక్కండి: చాలా రైళ్ళు క్వీన్స్ పార్క్‌లోనే ఆగిపోతాయి, మనకు కావలసింది దాని తరువాతి స్టేషను, కెన్సల్ గ్రీన్. హ్యారో అండ్ వీల్డ్‌స్టోన్ గానీ స్టోన్‌బ్రిడ్జ్ పార్క్ గానీ రాసి ఉన్న రైలే ఎక్కాలి. పక్కనే సెయింట్ మేరీస్ అనే క్యాథలిక్ శ్మశానం ఉంది, గేటు పొరబడితే అక్కడ గంట తిరిగినా దొరకదు. ఇక 1833లో తెరిచిన ఈ శ్మశానం డెబ్భై ఎకరాల పైన. సమాధి నంబరు, చదరం నంబరు పనిదినాల్లో ఆఫీసుకు ఫోన్ చేసి ముందే అడిగి రాసుకోండి, అది లేకుండా వెళ్తే వెతుకులాటే. గడ్డి తడిగా ఉంటుంది, చెప్పులు కాదు, బూట్లు. నిఘంటువుల బ్రౌన్, వేమనను 1829లోనే అచ్చువేయించిన బ్రౌన్ ఇక్కడ 1884 నుంచీ ఉన్నాడు.

రెండో రోజు కాటన్ దొర సమాధి ఉన్న డార్కింగ్. రెడింగ్‌లో ఉన్నవాళ్ళకు లండన్ దాకా వెళ్ళే పని లేదు. గిల్డ్‌ఫర్డ్ మీదుగా గాట్విక్ పోయే రైలెక్కి డార్కింగ్ డీప్‌డీన్‌లో దిగాలి, సుమారు గంట. లండన్ నుంచయితే వాటర్లూలోనో విక్టోరియాలోనో ఎక్కితే ఊళ్ళోని మరో స్టేషనుకు వస్తారు, రెండిటి మధ్యా నడక దూరమే. ఇద్దరు కలిసి తిరిగేటట్టయితే టూ టుగెదర్ రైల్‌కార్డుతో టికెట్‌లో మూడో వంతు తగ్గుతుంది, విదేశీయులూ కొనొచ్చు. పనిదినాల్లో 9:30 తరువాతే చెల్లుతుంది, కార్డు తాకిస్తే రాయితీ రాదు, టికెట్టే కొనాలి.

సర్ ఆర్థర్ కాటన్ 1899లో ఈ ఊళ్ళోనే పోయాడు. సమాధి రైగేట్ రోడ్డు మీది శ్మశానంలో ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1847 నుంచి 1852 దాకా కట్టించిన మనిషికి గోదావరి గట్టున వాడవాడలా గుర్రమెక్కిన విగ్రహాలే. ఇక్కడ మటుకు ఇరుగుపొరుగు రాళ్ళ మధ్య ఒక రాయి.

స్నేహితుల ఇంటి సంగతి కూడా. పచ్చళ్ళు, పొడులు పట్టుకెళ్ళండి, చెక్-ఇన్ పెట్టెలో, రెండు కవర్లలో. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చడి వద్దు. పాలు, మాంసం పదార్థాలు తేనివ్వరు. మన ప్లగ్గు అక్కడి ప్లగ్‌పాయింట్లో పట్టదు, అడాప్టర్ కొనుక్కోండి. తాళింపు వేసేముందు వంటింటి తలుపు మూసి కిటికీ తెరవాలి, లేకపోతే హాల్లోని పొగ అలారం వీధంతా వినపడేలా అరుస్తుంది. ఆదివారం పెద్ద సూపర్‌మార్కెట్లు ఆరు గంటలే తెరుస్తారు. కొత్తిమీర శనివారమే కొనిపెట్టుకోవాలి.